ఫిష్ ఆయిల్ క్యాప్సూళ్లలో పురుగుమందు బయటపడితే కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మా అమ్మకు కీళ్ల నొప్పులు. కొన్ని నెలలుగా ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ ఫిష్ ఆయిల్ క్యాప్సూళ్లు తెప్పించి ఇస్తున్నాను. డబ్బా మీద 'పురుగుమందుల అవశేషాలు లేవు' అని పెద్ద అక్షరాలతో ఉంది. అనుమానం వచ్చి, సగం వాడిన డబ్బాను ప్రైవేటు ల్యాబ్‌కు పంపితే డైఎల్‌డ్రిన్ అనే పురుగుమందు కిలోకు 0.04 మిల్లీగ్రాములు ఉందని రిపోర్టు వచ్చింది. కంపెనీవాళ్లేమో 'మేమేమీ కలపలేదు, సముద్రంలో ఉన్నదే చేపలోకి వస్తుంది, అయినా క్యాప్సూళ్లకు లిమిట్ అంటూ ఏదీ లేదు' అంటున్నారు. డబ్బు వాపసు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా? ఈ మధ్య అమ్మకు నీరసం, వికారం ఉంటున్నాయి. దానికి నష్టపరిహారం వస్తుందా?

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. సంతకం పెట్టకండి. అలాంటి కాగితాల్లో 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అనే ముక్క ఎక్కడో ఒక మూల తప్పకుండా ఉంటుంది, రేపు మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే అవతలి లాయరు మొదట చూపించేది దాన్నే. వాళ్లంతట వాళ్లు మీ ఖాతాలో డబ్బు వేసేస్తే, 'ఈ మొత్తాన్ని నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని అదే రోజు ఈమెయిల్ పెట్టండి. రెండోది, అమ్మగారు ఆ క్యాప్సూళ్లు ఆపేసి రిపోర్టుతో డాక్టర్‌ను కలవాలి. కేసు కోసం చెప్పడం లేదు, ముందు ఆవిడ ఆరోగ్యం ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ఇక 'మేం కలపలేదు' అనే మాట. వాళ్లు కలపకపోయి ఉండొచ్చు, అది నిజమే కావచ్చు, కానీ చట్టం అడిగేది అది కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 'కలుషితం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి: ఎవరైనా కలిపారా లేదా అన్నదానితో పని లేదు, పంట దగ్గరో పశువుల పెంపకంలోనో తయారీలోనో ప్యాకింగ్‌లోనో చేరినా, చుట్టూ ఉన్న వాతావరణం నుంచి వచ్చినా అది కలుషితమే. సెక్షన్ 21 ఇంకా సూటిగా ఉంటుంది. నిబంధనల్లో పెట్టిన పరిమితికి మించి పురుగుమందు అవశేషం ఏ ఆహార పదార్థంలోనూ ఉండకూడదు, అంతే. హెల్త్ సప్లిమెంట్ కూడా ఆ చట్టం కింద ఆహారమే. మీ డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు ఉందేమో చూసుకోండి. దాని బదులు డ్రగ్ లైసెన్సు నంబరు ఉంటే అది మందు కిందికి వెళ్తుంది, అప్పుడు చట్టమే వేరు, ఫిర్యాదు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వాలి.

సముద్రం మీదికి నెట్టేసే వాదన నాకు అస్సలు మింగుడుపడదు, ఎందుకో చెబుతాను. డైఎల్‌డ్రిన్ ఆర్గానోక్లోరిన్ జాతి పురుగుమందు. 2001 స్టాక్‌హోం ఒప్పందంలో మొట్టమొదట చేర్చిన పన్నెండు విష రసాయనాల్లో అదీ ఒకటి. డీడీటీ కూడా ఆ జాబితాలోదే. ఇవి నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి, ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కావు. చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ కొవ్వులో పేరుకుంటాయి. ఆ కొవ్వునే పిండి నూనె తీసి క్యాప్సూల్‌లో నింపుతున్నప్పుడు చేప మాంసంలో కంటే నూనెలో ఎక్కువ మోతాదు ఉండొచ్చని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలుసు కాబట్టే యాక్టివేటెడ్ కార్బన్‌తో శుద్ధి చేయడం, మాలిక్యులర్ డిస్టిలేషన్ లాంటి పద్ధతులు పెట్టుకున్నారు. సరిగ్గా చేస్తే ఈ అవశేషాలు చాలావరకు పోతాయి. అంటే ముప్పు ఉందని తెలుసు, తీసే దారీ తెలుసు, చేశారా లేదా అన్నదే ప్రశ్న. చేశామంటే ఆ బ్యాచ్ కాగితాలు చూపించాల్సింది వాళ్లే.

ఇది చేప నూనెకే పరిమితం కూడా కాదు. విటమిన్ డీ3 చాలావరకు గొర్రె ఉన్నిలోని లానోలిన్ నుంచి తీస్తారు, గొర్రెలకేమో పిడుదులు, పేలు పట్టకుండా పురుగుమందు పోస్తారు. తేనెటీగల పెట్టెల్లో వరోవా పురుగుకు వాడే మందులు తేనెమైనంలో చేరతాయి. 2017లో యూరప్‌లో లక్షల కొద్దీ గుడ్లు వెనక్కి తీసుకున్నారు గదా, అక్కడ గుడ్లలో దొరికిన ఫిప్రోనిల్ అనే పురుగుమందు పంట నుంచి రాలేదు, కోళ్ల షెడ్లలో పురుగులు చావడానికి కొట్టిన మందులోంచి వచ్చింది. జంతువు నుంచి తీసిన సరుకు కాబట్టి పురుగుమందు గొడవ ఉండదనుకోవడానికి వీల్లేదు.

'లిమిట్ లేదు' అనే మాటకు జవాబు. కలుషితాలు, అవశేషాల గురించి 2011లో తెచ్చిన నిబంధనల్లో పాలు, మాంసం, గుడ్లు ఇలా పదార్థాల వారీగా పరిమితులు ఉంటాయి. పరిమితి ప్రత్యేకంగా పెట్టని చోట కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే సాధారణ పరిమితి వర్తిస్తుంది. మన వాదన ఇదే: ఫిష్ ఆయిల్ క్యాప్సూల్‌కు విడిగా గీత లేకపోతే దానికి 0.01 వర్తిస్తుంది, మీ రిపోర్టులో ఉన్నది దానికి నాలుగు రెట్లు. ఇది ఎదురులేని వాదన అని మాత్రం మీకు ఆశ పెట్టను. దగ్గరి పదార్థానికి ఉన్న పరిమితి చూడాలనీ, కొవ్వు లెక్కన చూడాలా మొత్తం సరుకు లెక్కన చూడాలా అనీ, అంత చిన్న మోతాదులో పరీక్ష ఫలితం అటూఇటూ కావచ్చనీ అవతలివాళ్లు నిపుణుణ్ణి తెచ్చి చెప్పిస్తారు.

అందుకే మీ కేసుకు అసలు బలం వేరే చోట ఉందని నా అభిప్రాయం. డబ్బా మీద వాళ్లే రాసుకున్న వాక్యం. 'అవశేషాలు లేవు' అన్నారు, ఉన్నాయి. ఇక్కడ పరిమితి ఎంత అన్న గొడవే రాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అబద్ధపు ప్రచారం, అనుచిత వ్యాపార పద్ధతి. దాని వల్ల ఎవరికైనా జబ్బు చేసిందని రుజువు చేయక్కర్లేదు. హాని కూడా జరిగిందని తేలితే సెక్షన్ 84 ఉంది: తయారీదారు తానిచ్చిన హామీకి సరుకు సరిపోకపోతే, ఆ హామీ ఇవ్వడంలో మా నిర్లక్ష్యమేమీ లేదని నిరూపించుకున్నా సరే బాధ్యత తప్పదు. కాబట్టి డబ్బా ఫొటోలు, వెబ్ పేజీ స్క్రీన్‌షాట్లు, ఆర్డరు వివరాలు, వాళ్లతో జరిగిన చాట్ ఈరోజే దాచుకోండి, రేపటికి ఆ పేజీ మారిపోవచ్చు. స్క్రీన్‌షాట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, మీ లాయరుకు ముందే గుర్తు చేయండి.

ఇప్పుడు మీ రిపోర్టు. చేదుగా ఉన్నా చెప్పాలి, అదొక్కటే పట్టుకుని వెళ్తే కష్టం. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది చూడండి: 'శాంపిల్‌ను మేము సేకరించలేదు, ఫలితం మాకు అందిన శాంపిల్‌కు మాత్రమే వర్తిస్తుంది.' సీలు తీసిన డబ్బా, వంటింట్లో నెలల తరబడి ఉన్నది, మధ్యలో దాన్లో ఏం కలిసిందో మాకేం తెలుసు అని అవతలి లాయరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అదే బ్యాచ్ నంబరుతో సీలు తీయని డబ్బా మీ దగ్గర మిగిలి ఉంటే బంగారంలా దాచండి, తెరవకండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా, ఆ గుర్తింపు నూనెల్లో పురుగుమందుల పరీక్షకు కూడా వర్తిస్తుందా అని విడిగా అడగండి. చాలామంది ల్యాబ్ పేరు చూసి ఆగిపోతారు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, సెక్షన్ 38 కింద పరీక్ష చేయించమని అడగడమే మీకు సరైన దారి. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపం అని కమిషన్‌కు అనిపిస్తే, శాంపిల్ తీసుకుని సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్టు తెప్పిస్తుంది. పరీక్ష ఫీజు ముందు మిమ్మల్ని కట్టమనవచ్చు. ఆ రిపోర్టు మీద అవతలివాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు గానీ మీరు ఇచ్చింది సీలు తీయని డబ్బా అయితే 'మధ్యలో ఏదో కలిసింది' అనే మాట నిలబడటం కష్టం. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా ఫరవాలేదు. సరుకుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు ఫీజు కూడా ఉండదు. కొన్నది మీరు, వాడింది అమ్మగారు అనే టెన్షన్ అక్కర్లేదు, కొన్నవారి అనుమతితో వాడేవాళ్లూ చట్టం ప్రకారం వినియోగదారులే.

ఆహార చట్టంలో సెక్షన్ 40 కూడా ఉంది, కొనుగోలుదారు స్వయంగా ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకునే హక్కు. దాంట్లో మెలిక ఏమిటంటే, పరీక్షకు పంపబోతున్నానని కొనే సమయంలోనే అమ్మేవాళ్లకు చెప్పాలి. మీరు ఆన్‌లైన్‌లో ఎప్పుడో కొనేశారు కాబట్టి ఆ పాత డబ్బాకు ఇది పనికిరాదు. బదులుగా మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు బ్యాచ్ నంబరుతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పోర్టల్‌లో కూడా పెట్టండి. ఆయన తీసే శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఆ రిపోర్టుకు ఉండే విలువ మనం సొంతంగా చేయించినదానికి ఉండదు.

పోలీసు కేసు గురించి అడిగారు. స్టేషన్ చుట్టూ తిరగొద్దు. సురక్షితం కాని ఆహారం విషయంలో ఆహార భద్రత చట్టంలోని సెక్షన్ 59 ఉండగా, అదే ఆరోపణ మీద అప్పటి ఐపీసీలోని కల్తీ సెక్షన్లు పక్కపక్కనే నడవవని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాసిక్యూషన్ నడపాల్సింది ఆహార భద్రత అధికారులే.

నష్టపరిహారం. అమ్మగారి నీరసానికి, వికారానికి కారణం ఈ క్యాప్సూళ్లే అని ఇప్పుడే ఫిర్యాదులో రాసేయకండి. ఇంత తక్కువ మోతాదు అవశేషానికీ ఒక మనిషి లక్షణాలకూ ముడి వేయడం వైద్యపరంగా చాలా కష్టం. ఒక్కసారి అతిగా చెప్పారని కమిషన్‌కు అనిపిస్తే, మీరు చెప్పిన నిజం మీద కూడా నమ్మకం సడలుతుంది. డాక్టరు పరీక్షించి కాగితం మీద రాస్తే చేర్చండి. లేకపోతే కట్టిన డబ్బు, పరీక్షల ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, ఆ మాట డబ్బా మీద నుంచి తీసేయాలనే ఆదేశం, ఆ బ్యాచ్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలనే ఆదేశం అడగండి. ఇవన్నీ సెక్షన్ 39లో కమిషన్‌కు ఉన్న అధికారాలే. చివరి రెండూ అడగడం మర్చిపోకండి, ఆ క్యాప్సూళ్లు ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో ఇంకొక అమ్మ వేసుకుంటోంది.

ఫిర్యాదు వేసే ముందు కంపెనీకి ఒక నోటీసు పంపితే మంచిది. చట్టం తప్పనిసరి చేయలేదు, అయినా పంపండి. అందులో ఒకటే అడగండి: ఈ బ్యాచ్‌కు పురుగుమందుల పరీక్ష రిపోర్టు ఇవ్వండి. చాలాసార్లు పాదరసం, సీసం పరీక్షల కాగితం పంపి చేతులు దులుపుకుంటారు. అది వేరే పరీక్ష, దాంట్లో డైఎల్‌డ్రిన్ ఊసే ఉండదు. అలాంటి జవాబు వస్తే దాన్నీ ఫిర్యాదుకు జత చేయండి.

సోషల్ మీడియాలో పెట్టాలనుకుంటే బ్యాచ్ నంబరు, రిపోర్టులోని అంకె, వాళ్ల జవాబు, అంతవరకే. 'విషం అమ్ముతున్నారు' అని రాస్తే పరువునష్టం నోటీసు మీకే వస్తుంది.

గడువు: వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు. ఆహార చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు మామూలుగా ఏడాదే, ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల దాకా. కొన్ని నెలలు ఇప్పటికే పోయాయి కాబట్టి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఇచ్చే ఫిర్యాదు ఈ వారంలోనే ఇచ్చేయండి, రసీదు తీసుకోకుండా ఆఫీసు నుంచి కదలకండి.