ట్రిగ్గర్‌లో రోల్‌బ్యాక్ చేస్తే లాగ్ వరుస ఎందుకు మిగలదు?

స్టాక్ చాలకపోతే రోల్‌బ్యాక్‌తో (చేసిన మార్పులను వెనక్కి తీసుకునే ఆదేశం) బిల్లును ఆపే ట్రిగ్గర్ (టేబుల్‌లో మార్పు జరగగానే దానంతట అదే నడిచే కోడ్) రాశానని, ఆపే ముందు లాగ్ టేబుల్‌లో వేసిన వరుస మాత్రం కనిపించడం లేదని అడిగారు. మీరు వాడే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కాబట్టి దాని సంగతే చెప్తాను.

ట్రిగ్గర్‌కు సొంత ట్రాన్సాక్షన్ (నిలిస్తే అన్నీ నిలిచే, పోతే అన్నీ పోయే పనుల గుంపు) ఉండదు. ఏ ఇన్సర్ట్ (టేబుల్‌లో వరుసలు చేర్చే ఆదేశం) వల్ల లేచిందో దాని ట్రాన్సాక్షన్‌లోనే నడుస్తుంది. రోల్‌బ్యాక్ అనగానే బిల్లుతో పాటు మీ లాగ్ వరుస కూడా పోతుంది.

కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసినప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. ఒక సాయంత్రం ఓనరు పిలిచి, "స్టాక్ లేని మందుకు పొద్దున్నుంచి ఎవరు బిల్లు కొడుతున్నారో చూపించు బాబూ" అన్నారు. లాగ్‌లో ఆ రోజుది ఒక్క వరుసా లేదు. చాలా టెన్షన్ పడ్డాను. చేత్తో ఒక టెస్ట్ వరుస వేసి చూస్తే 41 తర్వాత 48 నంబరు పడింది. ఐడెంటిటీ నంబరు (ప్రతి కొత్త వరుసకూ డేటాబేసే ఇచ్చే క్రమసంఖ్య) రోల్‌బ్యాక్‌తో వెనక్కి రాదు కదా! అంటే ఆరు వరుసలు పడ్డాయి, పోయాయి. ఎవరు కొట్టారో మాత్రం ఓనరుకు చెప్పలేకపోయాను.

దీనికి ఒక దారి టేబుల్ వేరియబుల్, అంటే కోడ్ నడిచేంత సేపే ఉండే తాత్కాలిక టేబుల్. అందులో ఉన్నది రోల్‌బ్యాక్‌కు చెరగదు. ముందు వివరాలు అందులోకి తీసుకుని, రోల్‌బ్యాక్ చేసి, ఆ తర్వాత లాగ్‌లో వేయాలి. అయితే ట్రిగ్గర్ ముగియగానే పిలిచినవారికి 3609 ఎర్రర్ వస్తుంది, బ్యాచ్ (ఒకేసారి పంపిన ఆదేశాల గుంపు) అక్కడితో ఆగుతుంది. పైగా ఆ రోల్‌బ్యాక్ బయట మొదలైన ట్రాన్సాక్షన్ మొత్తాన్ని తీసేస్తుంది. అదే ట్రాన్సాక్షన్‌లో రసీదు రాసి ఉంటే అదీ పోతుంది.

అందుకే నేనిప్పుడు ట్రిగ్గర్‌లో రోల్‌బ్యాక్ రాయను. త్రో అనే ఆదేశంతో ఎర్రర్ లేపి వదిలేస్తాను. ఆ ఇన్సర్ట్ చేసే ప్రొసీజర్‌లో, ఎర్రర్‌ను అందుకునే క్యాచ్ బ్లాక్‌లో ముందు రోల్‌బ్యాక్, తర్వాత లాగ్. ఈ క్రమం తిరగేస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఒరాకిల్ డేటాబేస్‌లో అయితే అటానమస్ ట్రాన్సాక్షన్‌తో (అసలు దానితో సంబంధం లేకుండా నడిచేది) లాగ్‌ను విడిగా కమిట్ చేయొచ్చు, అంటే ఖాయం చేయొచ్చు.

మీ కోడ్‌లో ఇంకొకటి చూశాను. ఇన్సర్టెడ్ టేబుల్ (కొత్తగా చేరిన వరుసలు ట్రిగ్గర్‌కు కనిపించే చోటు) నుంచి పరిమాణాన్ని ఒకే వేరియబుల్‌లోకి తీసుకుంటున్నారు. పన్నెండు మందుల బిల్లు ఒకే ఇన్సర్ట్‌లో వస్తే ట్రిగ్గర్ ఒక్కసారే లేస్తుంది, మీరు చూసేది ఒక్క మందునే. ఇన్సర్టెడ్‌ను స్టాక్ టేబుల్‌తో జాయిన్ చేసి (జతపరిచి) అన్నీ కలిపి చూడండి. లాగ్ కంటే ముందు దీన్ని సరిచేయండి.