ఫోను తెర టీవీ మీదికి రాకపోతే: మేనల్లునికి లేఖ

కర్నూలు

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

ప్రొద్దుటూరు బడిలో పాఠం మొదలుపెట్టే వేళకే ఫోను తెర టీవీ మీదికి రావడం లేదనీ, పిల్లలు ఎదురుచూస్తుండగా రౌటరును ఆపి మళ్ళీ పెట్టవలసి వస్తున్నదనీ రాశావు. రౌటరును ముట్టుకునే ముందు నీ ఫోను ఏ పద్ధతిలో టీవీని అందుకుంటున్నదో తేల్చుకో. అది తెలియకుండా సెట్టింగులు మారిస్తే ఉన్న తప్పు దొరకదు, కొత్తవి చేరతాయి.

వైఫై ప్రమాణాలు చూసే సంస్థ వైఫై అలయన్స్ 2012లో తెచ్చిన మిరాకాస్ట్ అనే పద్ధతిలో ఫోనూ టీవీ నేరుగా కలుసుకుంటాయి కాబట్టి దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. విండోస్ లాప్‌టాప్‌లో విండోస్ మీటతోపాటు 'కె' నొక్కితే టీవీల జాబితా వచ్చేది ఈ పద్ధతిలోనే. మిగతా రెండు పద్ధతులైన గూగుల్ కాస్ట్‌కు, ఆపిల్ వారి ఎయిర్‌ప్లేకు మాత్రం సాధారణంగా రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండాలి. ఐఫోనులో మిరాకాస్ట్ లేదు, కనుక ఆ ఒక్క సౌకర్యమే ఉన్న టీవీతో అది ఎంత ప్రయత్నించినా కలవదు.

బడుల్లోనూ ఆఫీసుల్లోనూ ఎక్కువగా తగిలే చిక్కు గెస్ట్ వైఫై, అంటే బయటివారి కోసం వేరుగా పెట్టే వైఫై. ఫోనులో ఇంటర్నెట్టు వస్తుంది, టీవీలోనూ వస్తుంది, అయినా జాబితాలో టీవీ పేరు కనబడదు. గెస్ట్ వైఫైలో చేరిన పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా రౌటరే అడ్డుకుంటుంది, భద్రత కోసం అలా పెడతారు. హెడ్‌మాస్టరుగారిని అడిగి రెండింటినీ అసలు వైఫైలోకి మార్పించుకో. ఫోనులో వీపీఎన్ (ఇంటర్నెట్టును వేరే దారిలో మళ్ళించే యాప్) నడుస్తుంటే దాన్నీ ఆపి చూడు.

బొమ్మ వచ్చి ఆగి ఆగి కదులుతుంటే దూరాన్నీ గోడలనూ అనుమానించాలి. ఫోనూ టీవీ ఒకే గదిలో ఉన్నా, గూగుల్ కాస్ట్ పద్ధతిలో ఫోను తెర బొమ్మ ముందు రౌటరుకు పోయి అక్కడినుంచి టీవీకి వస్తుంది. రౌటరు పక్క గదిలో ఇనుప బీరువా వెనుక ఉంటే అదే మందపాటి రాతిగోడను రెండుసార్లు దాటాలి. వైఫై ఎక్కువగా నడిచే రెండు తరంగ పట్టీలలో 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గాని గోడల ముందు త్వరగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను మెరుగ్గా దాటుతుంది గాని బ్లూటూత్ స్పీకర్లతో, ఇరుగుపొరుగు వైఫైలతో ఇరుకైపోతుంది. రౌటరును తరగతి గదిలోకి తెచ్చి 5 గిగాహెర్ట్జ్ వాడుకోవడమే నా దృష్టిలో మంచి మార్గం.

మాట వినబడుతూ తెర నల్లగా ఉంటే అది చాలామటుకు పరికరాల లోపం కాదు. సినిమాల యాప్‌లు నకళ్ళను అడ్డుకోవడానికి అలా చేస్తాయి. అప్పుడు ఆ యాప్‌లోనే కాస్ట్ గుర్తు ఉంటే దాన్ని నొక్కు.

టీవీని ఆపి మళ్ళీ పెట్టి చూడాలనుకుంటే, రిమోటుతో ఆపిన టీవీ పూర్తిగా ఆగదని గుర్తుంచుకో. ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టాలి.

ఇంత చేసినా పాఠం వేళకు నమ్మకం కావాలి గనుక లాప్‌టాప్‌ను టీవీకి నేరుగా తగిలించే హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి కొని దగ్గర పెట్టుకో. ఫోనుకే కేబుల్ పెట్టాలనుకుంటే, దాని యూఎస్‌బీ-సి (ఛార్జింగు పెట్టే) రంధ్రం బొమ్మను బయటికి పంపగలదో లేదో ముందే చూసుకో. అన్ని ఫోన్లూ పంపలేవు. టీవీ వెనుక రాసి ఉన్న మోడల్ నంబరు నాకు పంపు, అందులో ఏ పద్ధతి ఉన్నదో చూసి చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ