బడి పన్నుకు ఓటు వేయాలా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా స్కూల్ డిస్ట్రిక్టు (స్థానిక బడులను నడిపే సంస్థ) పార్సెల్ ట్యాక్సుకు, అంటే ఒక్కో స్థలంపై వేసే పన్నుకు, ఓటు అడుగుతోంది. మా పిల్లల చదువులు పూర్తయ్యాయి. ఔననాలా, కాదనాలా?

జవాబు: 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్ను మూల రేటును 1 శాతానికి కట్టడి చేసినందువల్ల, అక్కడి బడులు అదనపు సొమ్ముకోసం ఓటర్ల గడప తొక్కవలసి వస్తోంది. మీ పిల్లల తరగతి గదులకూ అప్పట్లో పిల్లలు లేని ఇరుగుపొరుగువారు పన్ను కట్టారు గనుక, చదువులు ముగిశాయన్నది కాదనడానికి కారణం కాదని నా గట్టి నమ్మకం. బడులు బాండ్లతో అప్పు తెచ్చిన సొమ్మును ఉపాధ్యాయుల జీతాలకు వాడరాదు, పార్సెల్ ట్యాక్సు సొమ్మును వాడవచ్చు. అయితే చాలాచోట్ల ప్రతి స్థలానికీ ఒకే మొత్తం కావడంతో, చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకూ పక్కనున్న పెద్ద బంగళాకూ బిల్లులో అదే అంకె పడుతుంది. కాబట్టి 65 ఏళ్లు దాటినవారికి మినహాయింపు, ముగింపు గడువు, ఖర్చుపై పౌరుల పర్యవేక్షణ ఉన్నాయేమో ఈ పన్ను ప్రతిపాదన పూర్తి పాఠంలో చూడండి. అవి ఉంటే నేనైతే ఔననే అంటాను.