టెస్టులు ఫెయిలైనా 'పాస్' మెయిల్, కరెంటు పోతే ఆగిపోయే బిల్డ్

ప్రశ్న: రొయ్యల చెరువుల మేత లెక్కల సాఫ్ట్‌వేర్ ముగ్గురం కలిసి రాస్తున్నాం. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత లినక్స్ కంప్యూటర్‌లో క్రాన్ (నిర్ణీత సమయాలకు పనులు నడిపే ప్రోగ్రాం) 5 నిమిషాలకోసారి బాష్ స్క్రిప్టు (వరుస కమాండుల ఫైలు) నడుపుతుంది. గిట్‌లో (కోడ్ మార్పులను దాచే వ్యవస్థ) కొత్త కమిట్ (భద్రపరచిన మార్పు) కనిపిస్తే బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసి) టెస్టులు నడిపి మెయిల్ పంపుతుంది. ఈమధ్య టెస్టులు ఫెయిలైనా 'పాస్' అనే వస్తోంది. కరెంటు పోయి వస్తే బిల్డ్ అసలు మొదలవడం లేదు. బిల్డ్, టెస్టులు తనే నడిపే జెంకిన్స్ సాఫ్ట్‌వేర్‌కి మారమంటారా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అక్కర్లేదండి. ముగ్గురికి ఈ స్క్రిప్టే చాలు. జెంకిన్స్ పెడితే జావా, ప్లగిన్ల అప్‌డేట్లు చూసుకోవడం ఇంకో పని.

టెస్టుల ఔట్‌పుట్‌ను పైపుతో (ఒక కమాండు ఔట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే '|' గుర్తు) టీ (tee) కమాండుకు పంపి లాగ్ రాయిస్తున్నట్టున్నారు. పైపు ఉన్నచోట బాష్ చివరి కమాండు ఎగ్జిట్ కోడ్‌నే (0 అయితే సరి, వేరే అంకె అయితే తప్పు) లెక్కలోకి తీసుకుంటుంది. టెస్టులు 1 ఇచ్చినా టీ 0 ఇస్తుంది, దాంతో 'పాస్'. స్క్రిప్టు పైనే సెట్ కమాండులో మైనస్ ఈ (-e, తప్పు రాగానే ఆపేది) తోపాటు పైప్‌ఫెయిల్ (-o pipefail, పైపులో ఏ కమాండు ఫెయిలైనా తప్పుగా లెక్కించేది) కూడా పెట్టండి. అప్పుడు తప్పు జరిగిన చోటే స్క్రిప్టు ఆగిపోతుంది కాబట్టి, మెయిల్ వరుసను చివర ఉంచకుండా ఎగ్జిట్ ట్రాప్‌లోకి (పాసైనా ఫెయిలైనా స్క్రిప్టు ముగిసేటప్పుడు నడిచే భాగం) మార్చండి. ట్రాప్‌లో మొట్టమొదట ఎగ్జిట్ కోడ్ దాచుకోవాలి. తర్వాత కావాలని ఒక టెస్టును చెడగొట్టి గిట్‌లోకి పుష్ చేయండి. ఫెయిల్ మెయిల్ వచ్చేదాకా నమ్మవద్దు.

రెండోది, కరెంటు పోయి వచ్చాక బిల్డ్ మొదలవకపోవడం, లాక్ ఫైలు (ఒకేసారి రెండు బిల్డులు నడవకుండా పెట్టే గుర్తు ఫైలు) పని. టచ్ కమాండుతో పెట్టిన ఫైలును తీసేసే వరుస దాకా రాకముందే కరెంటు పోతే అది డిస్కులో మిగిలిపోతుంది. ఆ తర్వాత క్రాన్ ఎన్నిసార్లు లేపినా, బిల్డ్ ఇంకా నడుస్తోందనుకుని స్క్రిప్టు వెనక్కి పోతుంది. క్రాన్ వరుసలోనే ఫ్లాక్ (flock) కమాండును మైనస్ ఎన్‌తో (-n, లాక్ దొరకకపోతే ఎదురుచూడకుండా వెనక్కి పోయేది) వాడండి. ఆ లాక్ కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) చేతిలో ఉంటుంది, ప్రాసెస్ పోతే లాకూ పోతుంది. ఖాళీ ఫైలు మిగిలినా అడ్డు కాదు.

గిట్‌కీ ఇదే జబ్బు ఉంది. దాని లాక్ ఫైలు ఇండెక్స్ డాట్ లాక్ (index.lock) మిగిలితే చెకౌట్ (కోడ్‌ను ఫోల్డర్‌లోకి తీసుకోవడం) కదలదు. అందుకే ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి, కొత్తగా క్లోన్ చేయండి (కోడ్ మొత్తం మళ్లీ నకలు తెచ్చుకోండి). ఎవరైనా ఒక ఫైలు కమిట్ చేయడం మరిచినా ఇక్కడే బయటపడుతుంది.

అదే కమిట్ మళ్లీ బిల్డ్ కాకుండా, బిల్డ్ అయిన కమిట్ హాష్‌ను (దాని గుర్తింపు సంఖ్య) కూడా ట్రాప్‌లోనే, పాసైనా ఫెయిలైనా రాయండి. పాసైతేనే రాస్తే ఒక్క చెడ్డ కమిట్‌కి గంటకు 12 మెయిళ్ల దాకా వస్తాయి. ముందే రాసేస్తే కరెంటు పోయిన బిల్డ్ మళ్లీ జరగదు. ట్రాప్‌ను మాత్రం క్లోన్ పూర్తయ్యాకే పెట్టాలి. నెట్ లేక క్లోన్ ఆగితే అది కోడ్ తప్పు కాదు, 5 నిమిషాలకు మళ్లీ ప్రయత్నిస్తుంది.

టెస్టుల ముందు టైమౌట్ కమాండుతో 15 నిమిషాల గడువు పెట్టండి, లేకపోతే వేలాడిన ఒక్క టెస్టు లాక్‌ను వదలదు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటే పెట్టుకోండి. తుఫాను రోజున వచ్చి బటన్ నొక్కేవాళ్లుండరు.