పప్పు, గుడ్లు మానేస్తే ఆ ప్రొటీన్ తగ్గుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా మామకు సీఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్‌లో డాక్టర్ వెనెటోక్లాక్స్ మాత్ర రాసి, ఇది ఒక ప్రొటీన్‌ను ఆపుతుంది, క్యాన్సర్ కణాలు వాటంతటవే చస్తాయి అన్నారట. అప్పటినుంచి ఆయన పప్పు, గుడ్లు ముట్టడం లేదు, మనిషి సగమయ్యాడు. ఇది కరెక్టేనా?

జవాబు: కాదమ్మా, ఇవాళే గుడ్డు బాగా ఉడకబెట్టి పెట్టండి. తిన్న ప్రొటీన్ ఏదైనా పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. డాక్టర్ చెప్పింది బీసీఎల్-2 గురించి. దాన్ని కణం తన జన్యువును బట్టి లోపలే తయారుచేసుకుంటుంది, మీ వంటింటితో దానికి సంబంధం లేదు.

కణం చావడం రోగమేమీ కాదు, ఒంట్లో రోజూ జరగాల్సిన పనే. చెరువులో కప్పపిల్లల తోక మాయమవుతుంది చూడండి, అది తెగి పడదు, తోకలోని కణాలు తమను తామే చంపుకుంటాయి. కణం పాడైందని కబురు అందగానే బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెడతాయి, అందులోంచి సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ బయటికి వస్తుంది, దాంతో కాస్పేజ్ అనే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే కోసేస్తాయి, ఆ ముక్కల్ని వేరే కణాలు మింగేస్తాయి. వాపు ఉండదు, చీము పట్టదు, మనకు తెలియను కూడా తెలియదు.

ఆ చిల్లులు పడకుండా ఆపేదే బీసీఎల్-2. సీఎల్ఎల్‌లో అది మోతాదు మించి ఉంటుంది కాబట్టి చావాల్సిన తెల్లకణాలు చావక పేరుకుపోతాయి. క్యాన్సర్ అంటే కణాలు విపరీతంగా పెరగడమే అనుకుంటాం గానీ, చావకపోవడం కూడా అందులో భాగమేనని 1988లో ఆస్ట్రేలియాలో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ ఈ ప్రొటీన్ మీదే చూపించారు. వెనెటోక్లాక్స్ పోయి బీసీఎల్-2 గాడిలో కూర్చుంటుంది, అడ్డు తొలగిపోతుంది. అమెరికాలో ఈ మందుకు 2016లో అనుమతి వచ్చింది.

నిజానికి ఈ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నిమ్మజాతి పండు) మాత్రం వద్దు, ఒంట్లో మందు విరిగిపోయే వేగాన్ని అది తగ్గిస్తుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. మీ వైపు బత్తాయి తోటలెక్కువ, బత్తాయి ఆ నిషేధంలో లేదు, అయినా రోజూ రసం తాగుతుంటే డాక్టర్‌కు ఓ మాట చెప్పండి.

మందు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఐదు వారాల్లో మెల్లగా 400కు పెంచుతారు. కణాలు ఒక్కసారిగా చస్తే వాటిలోని పొటాషియం రక్తంలోకి వచ్చి, యూరిక్ ఆమ్లం కూడా పెరిగి గుండెకు, కిడ్నీలకు ముప్పు తెస్తాయి. కాబట్టి చెప్పినన్ని నీళ్లు తాగాల్సిందే, అంత దూరం ఎందుకులే అని రక్తపరీక్షలు ఎగ్గొట్టనివ్వకండి. మూత్రం తగ్గినా, గుండె దడగా ఉన్నా తెల్లారేదాకా చూడకుండా అప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేయండి.