సగం నచ్చి సగం చిరాకు పెట్టిన టీనేజ్ లవ్ స్టోరీ ఏదైనా చదివారా? ఎందుకలా అనిపించింది?

చదివా, అదీ రెండుసార్లు. జాన్ గ్రీన్ రాసిన ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్. మొదటిసారి పదిహేడేళ్ళప్పుడు, ఒక్క రాత్రిలో, ఏడ్చి ఏడ్చి దిండు తడిపేస్తూ. రెండోసారి ఇరవై ఆరేళ్ళప్పుడు, నాన్న మంచం పక్కన కుర్చీలో కూర్చుని. రెండుసార్లూ చదివింది ఒకటే పుస్తకం అంటే నాకే నమ్మబుద్ధి కాదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ: హేజల్‌కి పదహారేళ్ళు, థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది, ఎక్కడికెళ్ళినా ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ వెళ్ళాలి. ఆగస్టస్‌కి పదిహేడు, ఎముక క్యాన్సర్ వల్ల ఒక కాలు తీసేశారు. సపోర్ట్ గ్రూప్‌లో కలుస్తారు, ప్రేమలో పడతారు. చివర ఏమవుతుందో మాత్రం చెప్పను. 2012లో వచ్చిన పుస్తకం, 2014లో సినిమా కూడా వచ్చేసింది, ఇంకా సస్పెన్స్ ఏంటి అంటారేమో, అయినా చెప్పను.

సరే, నా గొడవ సిగరెట్‌తో మొదలైంది. పరిచయమైన రోజే ఆగస్టస్ సిగరెట్ తీసి నోట్లో పెట్టుకుంటాడు. ముక్కులో ఆక్సిజన్ పైపు ఉన్న పిల్ల ముందు సిగరెట్ ఏంటి అని హేజల్‌కి ఒళ్ళు మండిపోతుంది. అప్పుడు వీడు నేను వెలిగించనుగా, ప్రాణం తీసే వస్తువుని పళ్ళ మధ్య పెట్టుకుని కూడా ప్రాణం తీసే ఛాన్స్ దానికి ఇవ్వను, ఇదొక మెటఫర్, అంటే ఒక ప్రతీక అంటాడు. అంతే, పిల్ల ఫ్లాట్. పదిహేడేళ్ళప్పుడు నేనూ ఫ్లాటే, నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నా కూడా. ఇరవై ఆరేళ్ళప్పుడు అదే పేజీ దగ్గర పుస్తకం మూసి పక్కన పడేశా. ఎందుకంటే నాన్న ముప్పై ఏళ్ళు సిగరెట్లు కాల్చిన మనిషి, సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తులు పాడై ఊపిరాడని జబ్బు, ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అదే గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్, పెట్టాల్సొచ్చింది. డాక్టర్ చెప్పిన మొదటి మాటే ఆ గదిలో అగ్గిపుల్ల గీయకండి అని. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, చిన్న నిప్పురవ్వ దొరికిందంటే బట్టలూ జుట్టూ భగ్గున అంటుకుంటాయట. మెటఫర్ అంట మెటఫర్.

ఇంకోటి, ఈ పిల్లలు మాట్లాడే తీరు. అసలు పదిహేడేళ్ళకి అలా ఎవరు మాట్లాడతారండీ? నోరు తెరిస్తే ఫిలాసఫీ. ఆ వయసులో నాకు నచ్చినవాడి నుంచి హాయ్ అని మెసేజ్ వస్తే తిరిగి హాయ్ అని పెట్టడానికి పావుగంట పట్టేది, దానికి మళ్ళీ ఇద్దరు ఫ్రెండ్స్ సలహా. ఈ టైపు నవలలన్నిట్లో హీరో ఒకేలా ఉంటాడు, అందగాడు, తెలివైనవాడు, హీరోయిన్ మాట ఒక్కటి కూడా మర్చిపోడు, అలాంటివాడికి అంతకుముందు పెద్దగా స్నేహితులే లేనట్టు ఈ పిల్ల కోసమే కాచుక్కూర్చుంటాడు. ఇవి చదివి పెరిగి మేం తర్వాత ఎంత డిసప్పాయింట్ అయ్యామో అది వేరే ప్రశ్నకి జవాబు.

మరి నచ్చింది ఏంటంటే, ఊపిరి. ఊపిరి ఆడకపోవడం ఎలా ఉంటుందో జాన్ గ్రీన్‌కి తెలుసు. రాయడానికి చాలా ముందు కొన్నాళ్ళు పిల్లల హాస్పిటల్‌లో చాప్లెయిన్‌గా, అంటే రోగుల పక్కన ఉండి ప్రార్థన చేసి ధైర్యం చెప్పే మనిషిగా పనిచేశాడు, అక్కడ చూసే ఉంటాడు. హేజల్ ఇంట్లో ఉన్న కాన్సంట్రేటర్‌కి ఫిలిప్ అని పేరు పెట్టుకుంటుంది. మా నాన్న మా మెషీన్‌ని నీ తమ్ముడు అనేవాడు, రాత్రంతా గురక పెడతాడని.

ఒకరోజు రాత్రి రెండు దాటింది. నేను ఆమ్‌స్టర్‌డామ్ చాప్టర్‌లో ఉన్నా. హేజల్, ఆగస్టస్ కలిసి ఆన్ ఫ్రాంక్ ఇల్లు, అదే నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఉన్న ఇల్లు, చూడ్డానికి వెళ్తారు, లోపల అన్నీ నిటారు మెట్లు, లిఫ్ట్ ఉండదు. సిలిండర్‌తో ఆ పిల్ల ఒక్కో అంతస్తూ ఎక్కుతోంది. అప్పుడే నాన్న బాత్రూమ్‌కి లేచాడు. మెషీన్ నుంచి బాత్రూమ్ దాకా అందేలా పొడుగు పైపు పెట్టాం, అది వెళ్ళి నా కుర్చీ కాలి కింద ఇరుక్కుంది. నేను చూసుకోలేదు, పుస్తకంలో ఉన్నా. ఆయన నన్ను పిలవలేదు, పైపు లాగలేదు, గోడకి చెయ్యి ఆనించి అలా నిలబడిపోయాడంతే. ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. నేను తలెత్తేసరికి పెదాలు ముడిచి, కొవ్వొత్తి ఊదుతున్నట్టు మెల్లగా గాలి వదులుతున్నాడు, ఫిజియోథెరపీ ఆయన నేర్పిన పద్ధతి అది. బుగ్గ మీద పైపు గీత ఎర్రగా పడిపోయి ఉంది. మంచం నుంచి అక్కడికి ఆరడుగులు కూడా ఉండదు.

ఆయన్ని తీసుకొచ్చి పడుకోబెట్టాక మళ్ళీ పుస్తకం తీశా. పైకెక్కాక ఏమవుతుందంటే వాళ్ళిద్దరూ ముద్దు పెట్టుకుంటారు, చుట్టూ ఉన్న టూరిస్టులు చప్పట్లు కొడతారు. ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంట్లో! దీని మీద చాలామంది చాలా తిట్టారు, కరెక్టే తిట్టారు. నా కోపం మాత్రం ఆ ఇంటి గురించి కాదు. మెట్లెక్కడం అంత నిజంగా రాసినవాడు అక్కడ ఆగొచ్చు కదా, అది చాలదని ఎందుకనుకున్నాడు, జనాన్ని పిలిచి చప్పట్లు ఎందుకు కొట్టించాడు అని.

ఈ నవలలో అసలు ప్రేమకథ హేజల్‌దీ వాళ్ళమ్మదీ అని కూడా నా గట్టి అభిప్రాయం. కూతురు లేని రోజు కూడా బతకాలి కాబట్టి ఆవిడ చెప్పకుండా సోషల్ వర్క్ కోర్సు చదువుకుంటూ ఉంటుంది, అది బయటపడినప్పుడు కూతురు బాధపడకపోగా సంబరపడుతుంది. పదిహేడేళ్ళప్పుడు ఆ సీన్ ఉందని కూడా గుర్తు లేదు నాకు, అంత స్పీడ్‌గా దాటేసి ఉంటా, మళ్ళీ ఆగస్టస్ ఎప్పుడొస్తాడా అని.

ఆ రాత్రి నాన్నకి నిద్ర పట్టలేదు. ఏం చదువుతున్నావమ్మా ఇంత రాత్రి అని అడిగాడు. ఆక్సిజన్ పెట్టుకున్న పిల్ల ఒక పాత ఇంట్లో మెట్లెక్కుతోంది నాన్నా అన్నా.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"మధ్యలో ఆగిందా?"

"ఆగింది."

"అయితే తెలిసినోడే రాశాడు," అని అటు తిరిగి పడుకున్నాడు. చప్పట్ల సంగతి నేను చెప్పలేదు.