పేరు ఉండాల్సిన చోట డబ్బాలు

ప్రశ్న: కాలేజీ సర్టిఫికెట్లపై పేర్లు వేయడానికి పైథాన్‌లో బొమ్మలపై పనిచేసే పిల్లో లైబ్రరీ వాడుతున్నాం. విండోస్‌లో బాగానే వచ్చేవి. లినక్స్ సర్వర్‌కి మార్చాక తెలుగు పేర్ల చోట డబ్బాలు వస్తున్నాయి, ఇంగ్లీషు అక్షరాలేమో చీమ తలకాయంత అయ్యాయి. లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు. గౌతమి ఫాంట్ తెరిచే లైనుకు ట్రై–ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడు) పెట్టి, దొరక్కపోతే డిఫాల్ట్ ఫాంట్ వాడమని రాశాం. తప్పెక్కడ?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ ఎక్సెప్ట్‌లోనే. గౌతమి విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫాంట్. లినక్స్‌లో అది లేక పిల్లో ఓఎస్‌ఎర్రర్ (ఫైలు తెరవలేనప్పుడు వచ్చే ఎర్రర్) ఇచ్చింది, మీ కోడు దాన్ని చప్పుడు కాకుండా మింగేసింది. పిల్లో 10.1 నుంచి డిఫాల్ట్‌గా వచ్చేది ఏలరాన్ అనే ఫాంట్. అందులో తెలుగు లేదు, సైజు చెప్పకపోతే 10 తీసుకుంటుంది. డబ్బాలూ చిన్న అక్షరాలూ అక్కణ్నుంచే.

గౌతమి ఫైలును సర్వర్‌కి కాపీ చేయకండి, లైసెన్సు ఒప్పుకోదు. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ తీసుకుని ప్రాజెక్టులోనే ఒక ఫోల్డర్‌లో పెట్టండి. రెండూ ఉచితంగా వాడుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సువే. ఫాంట్ ఫైలు దారిని (పాత్‌ని) కోడు ఫైలున్న చోటు నుంచి లెక్కగట్టండి. ఉత్త ఫైలు పేరు రాస్తే, క్రాన్ (చెప్పిన వేళకు ప్రోగ్రాం నడిపే లినక్స్ సాధనం) వేరే ఫోల్డర్ నుంచి నడిపిన రోజున మళ్లీ మొదటికే వస్తారు. లినక్స్‌లో ఫైలు పేర్లలో పెద్ద, చిన్న బడి అక్షరాల తేడా కూడా పట్టింపే.

ఎక్సెప్ట్‌లో ఓఎస్‌ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకోండి. ఫైలు దారి, సైజు కలిపిన సందేశంతో, రైజ్–ఫ్రమ్ (పాత ఎర్రర్‌ని జతచేసి కొత్తది పంపే పైథాన్ పద్ధతి) వాడి మళ్లీ పైకి పంపండి. అసలు కారణం పోదు. ఫాంట్ తెరవడం ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే జరగాలి. సగం సర్టిఫికెట్లు అచ్చయ్యాక ఆగడం కన్నా మొదట్లోనే ఆగడం నయం. ఏ ఒక్క పేరులోనో తేడా ఉంటే మాత్రం మొత్తాన్ని ఆపక్కర్లేదు: రోల్ నంబరు లాగ్‌లో రాసి ముందుకెళ్లి, చివర్లో సున్నా కాని ఎగ్జిట్ కోడ్ (ఏదో తప్పిందని తెలిపే సంఖ్య) ఇవ్వండి.

ఫాంట్ దొరికాక మీకు ఎదురయ్యే రెండో చిక్కు ఒత్తులు. ‘క్ష’ అంటే కంప్యూటర్‌కి మూడు కోడ్‌లు: క, పొల్లు, ష. వాటిని కలిపి కూర్చేది రాక్మ్ అనే లైబ్రరీ. అది లేకపోతే పిల్లో మాట్లాడకుండా అక్షరాల్ని విడివిడిగా పేర్చే బేసిక్ లేఅవుట్‌కి దిగిపోతుంది, ‘లక్ష్మి’ ముక్కలవుతుంది. లేఅవుట్‌గా రాక్మ్‌నే అడిగినా వచ్చేది వార్నింగే, ఎర్రర్ కాదు. కాబట్టి పిల్లోలోని ఫీచర్స్.చెక్‌తో రాక్మ్ ఉందో లేదో మీరే అడిగి, లేకపోతే ఆపేయండి. పిప్‌తో వేసిన పిల్లోలో రాక్మ్ ఉన్నా, అది ఫ్రిబిడి (అక్షరాలు రాసే దిశ చూసే లైబ్రరీ) కోసం సిస్టమ్ మీద ఆధారపడుతుంది. డెబియన్ స్లిమ్ ఇమేజ్ (తక్కువ ప్యాకేజీలతో వచ్చే కంటైనర్) అయితే లిబ్‌ఫ్రిబిడి0 ప్యాకేజీ విడిగా వేయండి.

ఇక ఫాంట్‌లో లేని అక్షరానికి ఎర్రరే రాదు, డబ్బా గీసి ఊరుకుంటుంది. ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ లైబ్రరీలోని గెట్‌బెస్ట్‌సీమ్యాప్‌తో (ఫాంట్‌లో ఉన్న కోడ్‌ల జాబితా ఇచ్చేది) పేరులోని ప్రతి కోడ్ ఉందో లేదో ముందే చూడండి. 200సి కోడ్‌ని, అంటే ‘రాజ్‌కుమార్’లో కనపడకుండా కూర్చునే విడదీత గుర్తుని, ఈ తనిఖీ నుంచి వదిలేయండి. లేకపోతే మంచి పేర్లు కూడా తప్పుల జాబితాకెక్కుతాయి.

ప్రశ్న: ప్రతి సర్టిఫికెట్‌కీ ఫాంట్ ఫైలు మళ్లీ తెరుస్తున్నాం. ఆలస్యం తగ్గేదెలా?
— మరో పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఫాంట్ తెరిచే పనిని దారి, సైజు తీసుకునే ఒక ఫంక్షన్‌లో పెట్టి, దానికి ఎల్ఆర్‌యూ క్యాష్ (ఒకసారి వచ్చిన ఫలితాన్ని గుర్తుపెట్టుకునే పైథాన్ సదుపాయం) తగిలించండి. అది ఎర్రర్‌ని దాచుకోదు. ఫైలు సరిచేశాక మళ్లీ పిలిస్తే కొత్తగా తెరుస్తుంది.